దేహి అంటేనే ఆకు

ఆ రోజుల్లో నేను బాగు చేయలేనిది లోకంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. చేతికి దొరికింది మాత్రం ఎల్లారెడ్డిలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సంస్కృతం క్లాసు. కామారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కేదాన్ని. సీటు దొరికితే కునికిపాట్లు, దొరక్కపోతే ఆశయాలు. పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసమే (పాపం, వాళ్లు దాచనూ లేదు). క్లాసంతా ఊగుతూ 'రామః రామౌ రామాః' అని హోరెత్తించేవారు. ఆ రాముడికి కాసిన్ని నీళ్లిమ్మని సంస్కృతంలో చెప్పమంటే మాత్రం అందరూ కిటికీలోంచి బయటికి చూసేవారు.

నాకు ఒళ్లు మండి బట్టీ బంద్ పెట్టించాను. భాషన్నాక మాట్లాడాలి, రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతూ సాధన చేయాలి అని ఉపన్యాసం ఇచ్చాను. క్లాసులో బల్ల మీద నిజం వంకాయలే పోసి, ఇద్దరిద్దరిని నిలబెట్టి బేరాలు ఆడించాను. మా ప్రిన్సిపాల్ (పిల్లల భాషలో పర్సెంటేజీ సార్) గుమ్మంలో నిలబడి, ఇది కాలేజా అంగడా అని గద్దించి, వంకాయలు లేతగా ఉన్నాయని నాలుగు పట్టుకుపోయారు.

కొన్నాళ్లకు, లింగంపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆమె ఇంట్లో ఆకు, తంబాకు నింపిన చాట ముందేసుకుని బీడీలు చుడుతుంది. కూతురు పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ, దారం కడుతూ, నోటితో రాముణ్ని వల్లించేది. ఆ ఊపుకి తల్లి చేతులు కూడా చకచకా ఆడేవట. ఇప్పుడు పిల్ల అద్దం ముందు, చాట ముందు తల్లి ఒక్కతే. ఆమె కోపంగా ఏమీ అనలేదు.

"మేడం, నోటితోని చదువుకుంట చేతులతోని పని చేస్తదని కాలేజీకి తోలిన. చేతులు ఖాళీ ఉంటెనే చదువంటే, మా ఇంట్ల చదువే బంద్ అయితది."

వెనక ఆ పిల్ల తల దించుకుని నిలబడింది. నా ఆశయం కోసం ఆ పిల్ల చదువు మానేస్తే ఎలాగని భయం వేసింది.

సాయంత్రం వెళ్లే దారే కాబట్టి లింగంపేటలో దిగి వాళ్లింటికి వెళ్లాను. ఊరికే కూర్చోలేక ఒక బీడీ చుట్టాను. అది చుట్టకు తక్కువ, బీడీకి ఎక్కువ. "గిది గుంజితే మీసాలు కాలుతయి మేడం" అని ఆమె దాన్ని పక్కన పడేసింది. అంతలో ఆకు ఇయ్యవే అని కూతుర్ని అడిగింది. దారమేదే అని మళ్లీ అడిగింది. నేను అద్దం ముందు వెతకమన్న సంభాషణ ఇక్కడ చాట చుట్టూ గంటల తరబడి నడుస్తోంది! వెంటనే కొత్త నియమం పెట్టాను: ముందు రాముడి బట్టీ, తర్వాత ఏం కావాలన్నా సంస్కృతంలో అడగాలి. 'పత్రం దేహి' అంటేనే ఆకు, 'సూత్రం దేహి' అంటేనే దారం. తల్లికీ మినహాయింపు లేదు. నెల తిరక్కుండానే పక్కింటావిడ కూడా 'జలం దేహి' అంటూ చెంబుతో వచ్చేదట. చదువు ఆగలేదు, చాటా ఆగలేదు. క్లాసులో బట్టీ మళ్లీ మొదలైంది, వంకాయలూ కొనసాగాయి (పర్సెంటేజీ సార్ కోరిక మీద).

ఆ పిల్ల ఇంటర్ పాసై, డిగ్రీలో చేరి, హాస్టల్‌కి వెళ్లింది. మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసింది. నేను సంబరంగా శుభాకాంక్షలు చెబుతుంటే, ఆమె మధ్యలోనే అందుకుంది:

"అంత మంచిగనే ఉంది మేడం. ఇగ నేను దేహి అని ఎవర్ని అడగాలె?"

దేశమంతా సంస్కృతం మాట్లాడించాలని బయల్దేరిన ఆ వెర్రిబాగులది గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. శనివారం శనివారం లింగంపేటలో దిగుతాను. నా బీడీలను ఆమె ఇప్పటికీ చాటలోకి రానివ్వదు. ఆకు మాత్రం నేనే అందిస్తాను, ఆమె 'దేహి' అని అడిగాకే.