నా బుడగల మిషను, నా ప్రసంగం

చేపల చెరువు నీళ్లలోకి పొగమంచంత సన్నని గాలి బుడగలు వదిలే మిషను ఒకటి మూడేళ్లు తంటాలు పడి సొంతంగా తయారు చేశాను. దానికి పేటెంటు కోసం ఈ రోజు చల్లపల్లి నుంచి విజయవాడ వెళ్లి ఒక లాయరు గారిని కలిశాను. కాగితాలన్నీ చూసి, ఇలాంటిది ఇంకెవరూ చేయలేదన్నారు. దేవునికి స్తోత్రం అని పైకే అనేశాను.

"దీన్ని బయట ఎక్కడైనా చూపించారా, పాస్టరు గారూ?"

"పాస్టర్ని కాదండి, ఊరికే వాక్యం చెబుతాను. బైబిల్లో దేవదూత దిగి బేతెస్ద కోనేటి నీళ్లు కదిలించిన సంగతి చెబుతూ ఈ మిషను విప్పి చూపించాను. రెండేళ్లుగా యూట్యూబులో ఉందండి."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "లోకానికి చెప్పేసినదానికి పేటెంటు రాదండీ."

"లోకం ఎక్కడ చూసిందండీ? తొమ్మిది వ్యూస్. అందులో ఆరు నావే."

"ఒక్కరూ చూడకపోయినా అంతే. చూసే వీలుంటే చాలు."

నిర్ధారించుకోవడానికి ఆ వీడియో పెట్టారు. ఫోనులో నేను సహోదరులారా అని గర్జిస్తున్నాను.

"ఎదురుగా ఎవరున్నారండీ?"

"ఫోను ఆనించిన కుర్చీ అండి."

ఆయన నవ్వలేదు. నలభై నిమిషాలూ చివరిదాకా విన్నారు. నా ప్రసంగాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషిని ఈ మధ్యకాలంలో నేను చూడలేదు. మూడేళ్ల కష్టం పోయిందని మండిపడాల్సినవాణ్ణి, ఆయన ముఖం చూస్తూ కూర్చుండిపోయాను.

మీలో ఎవరైనా ఆ వీడియో చూసి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. పేటెంటు ఎలాగూ పోయింది.