నీలి చావుకు సాక్షి ఎవరు

ఎమ్మిగనూరు నుంచి పొద్దున ఆదోనికి బయలుదేరే బస్సులో ముందు సీట్లకు ఎందుకంత గిరాకీ ఉందో డిపో అధికారులకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కండక్టరు షాహీన్ గొంతు ఇంజను చప్పుడును దాటుకొని మూడో వరుస దాకానే వినిపిస్తుందనీ, ఆ తర్వాత కూర్చున్నవాళ్ళకు నవల అందదనీ రోజూ ఎక్కేవాళ్ళకు మాత్రం బాగా తెలుసు. అందుకే బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, టిఫిన్ సంచులు, ఒక్కోసారి చంటిపిల్లల టోపీలు కూడా వచ్చి సీట్ల మీద పడతాయి. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక ఈ టోపీల సంఖ్య మరీ పెరిగింది.

షాహీన్ తండ్రి బడే సాబ్ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో దూది బేళ్ళు కట్టేవాడు. నవలలు చదివే ఆడపిల్ల రొట్టెలు మాడుస్తుందని తల్లి నూర్ బీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిజమేనని షాహీన్ చిన్నతనంలోనే పలుమార్లు రుజువు చేసింది. దాంతో రొట్టెల పని చెల్లెలు ముస్రత్‌కు బదిలీ అయింది. పెళ్ళయ్యాక కూడా అలవాటు పోలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే భర్త అర్షద్‌కు పుస్తకమంటే ఆవులింతే. అయినా కోపమొచ్చినప్పుడు ఆమె తనను ఎవరితో పోలుస్తోందో తెలుసుకోవడానికి పట్టుబట్టి రెండు నవలలు చదివాడు. రెండింటిలోనూ ఆ పాత్ర పరమ దుర్మార్గుడని తేలాక చదువు మానుకున్నాడు.

ఆమె నవలలన్నీ ఆదోని గ్రంథాలయం నుంచి వస్తాయి. ఎమ్మిగనూరు స్టాండులో బస్సు ఆగినంతసేపూ చదువుతుంది. చదివింది ఆదోనికి తిరుగు ప్రయాణంలో టికెట్టుకూ టికెట్టుకూ మధ్య చెబుతుంది. కథ చెప్పడంతో ఆగదు, తీర్పు కూడా ఇస్తుంది. ఈమధ్య పేరు మోగిపోయిన ఒక నవలలో నాయిక హైదరాబాదులో పన్నెండో అంతస్తు బాల్కనీలో నిలబడి, వానను చూస్తూ, కాఫీ తాగుతూ, సగం పుస్తకం గడిపేస్తుంది. అంత ఎత్తుకు నీళ్ళు ఎట్లా ఎక్కుతున్నాయో రచయిత్రి ఒక్క ముక్క రాయలేదనీ, ఆ కాఫీ గిన్నె కడిగే మనిషికి పేరైనా పెట్టలేదనీ షాహీన్ అభియోగం. ఇంకో నవలలో ఒక పెద్దమనిషి తన్ను తాను వెతుక్కుంటూ పల్లెకు వస్తాడు. పల్లె జనమంతా పనులు మానుకొని అతనికి జీవితం అంటే ఏమిటో బోధిస్తారు. మా కోసిగి దిక్కు పల్లెల్లో ఇట్లాంటివాడు దిగితే ముందు ఏ బ్యాంకు నుంచి వచ్చినావని అడుగుతారని ఆమె అనగా, ముందు సీట్లు ఏకగ్రీవంగా ఆమోదించాయి. మెచ్చుకున్న పుస్తకాలూ లేకపోలేదు. ఒక చిన్న ఊళ్ళో మెస్సు నడిపే ఇద్దరు తోడికోడళ్ళు మొదటి పేజీ నుంచి చివరి దాకా పోట్లాడుకునే నవలను రెండుసార్లు చదివి రెండుసార్లూ చెప్పింది. అందులో ఏమీ జరగదు కదా అని ఎవరో అంటే, పోట్లాడుకుంటూనే వంద మందికి వేళకు అన్నం పెడుతున్నారు, అంతకంటే ఏం జరగాలని గద్దించింది.

ఎంత తిట్టినా ఆమె ఒక హద్దు దాటదు. పుస్తకంలో లేని మాట చేర్చదు, ఉన్న మాట దాచదు. టికెట్టు కొట్టకుండా ప్రయాణికుణ్ణి దింపడమూ, రచయిత రాయనిది రాశాడని చెప్పడమూ ఆమె దృష్టిలో ఒకే నేరం. ఈ నియమమే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

చుట్టుకున్నది ఒక లావుపాటి ఫాంటసీ నవల రూపంలో. ఒక రాజ్యంలోని నదులన్నింటినీ మింగేసి కొండ కింద నిద్రపోయే మహాసర్పం, దాన్ని చంపడానికి బయలుదేరే యువరాజు, బావులు తవ్వేవాడి కూతురై, నేల మీద చెవి ఆన్చి అడుగున నీళ్ళు ఉన్నాయో లేవో చెప్పగల నీలి, మాట్లాడే గుర్రం, ఇదీ సరంజామా. మొదట్లో షాహీన్ పెద్దగా ఖాతరు చేయలేదు. పంట లేని రాజ్యంలో అంత సైన్యం ఏం తింటోందని అడిగింది. నీళ్ళే లేనప్పుడు యువరాజు రోజుకు రెండుసార్లు స్నానం చేసే దృశ్యాలు ఎందుకని నిలదీసింది. కానీ నీలి వచ్చాక ఎగతాళి కొంచెం తగ్గింది. ముందు సీట్లకు ఆ పిల్ల నచ్చింది. అందరికంటే ఎక్కువగా గంగమ్మకు.

గంగమ్మది కోటేకల్. ఆదోని మిల్లులో దూదిలోని చెత్త ఏరే పనికి రోజూ ఇదే బస్సులో వస్తుంది. అక్షరం ముక్క రాదు. ఓపిక అసలే లేదు. యువరాజు మొదటిసారి నోరు తెరిచినప్పుడే వీడు మంచోడు కాదని తేల్చేసింది. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. నీలి పాతాళ గుహలోకి దిగిన శుక్రవారం నాడు, బస్సు దిగే ముందు గంగమ్మ షాహీన్ చెయ్యి పట్టుకుంది.

"సోమారం సాయంత్రం సుగ్గికి పోతాండాం షాయినమ్మా. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను. ఉగాదికి గానీ రాము. పొద్దున సామాన్లు కొనను ఆదోనికి వస్తా. ఆ పిల్ల సంగతి తేల్చి పంపియ్యి నన్ను."

షాహీన్ మాట ఇచ్చింది. ఆదివారం కూర్చొని మిగిలిన పేజీలన్నీ చదివింది. చివరి అధ్యాయంలో నీలి సర్పం గొంతులోకి కత్తితో దూకుతుంది, నదులు బయటపడతాయి, నీలి మరి రాదు. యువరాజు ఒక్కడే కొండ దిగి వచ్చి, ఆమె ప్రాణత్యాగం గురించి నాలుగు పేజీలు మాట్లాడి, కిరీటం పెట్టించుకొని, ఆమెకు పాలరాతి విగ్రహం ఎత్తిస్తాడు. షాహీన్ పుస్తకాన్ని మంచం మీదికి విసిరింది. ఎవరు పోయారని అర్షద్ కంగారుగా అడిగాడు. నీలి అని చెబితే, ఏ వీధిలో ఉండేదో పాపం అంటూ చెప్పుల కోసం చూశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? కొంప మూటగట్టుకొని లారీ ఎక్కబోతున్న మనిషికి ఆ పిల్ల చచ్చిపోయిందని చెప్పి పంపడమా? బతికిందని అబద్ధం చెప్పడమా? అబద్ధమాడినా నిలిచేలా లేదు. ఆదోనిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే వీణ టీచరు అదే బస్సులో రెండో వరుసలో కూర్చుంటుంది. ఆమె ఈ నవలను ఎప్పుడో చదివింది, చివర్లో ఏడ్చింది, ఏడ్చానని అందరికీ చెప్పింది. పైగా, వీణ లేకపోయినా షాహీన్ నియమం షాహీన్‌తోనే ఉంటుంది.

సోమవారం కోటేకల్ దగ్గర గంగమ్మ ఎక్కింది. ఆమె కోసం ముందు సీటులో ఎవరో ముందుగానే తువ్వాలు వేసి ఉంచారు. షాహీన్ ఆమెకు జీరో టికెట్టు కొట్టి, ఇంకెవరికైనా కొట్టాలేమోనని బస్సు చివరి దాకా అనవసరంగా వెళ్ళి వచ్చి, చెప్పడం మొదలుపెట్టింది. కత్తి, దూకడం, నదులు, యువరాజు, విగ్రహం, దేన్నీ వదల్లేదు. త్యాగం దగ్గర వీణ కళ్ళు మళ్ళీ చెమ్మగిల్లాయి. డ్రైవరు లక్ష్మప్ప నవలలు తన చెవిన పడవని ఎప్పుడూ చెప్పుకుంటాడు. ఆ పూట మాత్రం బస్సు ఎందుకో ఎడ్లబండిలా నడుస్తోందని వెనక నుంచి ఫిర్యాదులు వచ్చాయి. గంగమ్మ ఏడవలేదు. కొంగు బిగించింది.

"సచ్చిపోయిందని ఎవురు సెప్పినారు?"

యువరాజు చెప్పాడని షాహీన్ అంది. ఇంకెవరైనా చూశారా అని అడిగితే, లేదంది. శవం దొరికిందా అంటే, అదీ లేదంది.

"కిరీటం ఎవురికి పెట్టినారు?"

"యువరాజుకే."

"మరింగేం. ఆ నా బట్ట సెప్తే నమ్మేస్తారా అందురూ? పోయినేడు సుగ్గిలో మా యేసేపు పని ఇడిసి పారిపోయినాడని కూలోళ్ళ మేస్త్రి సెప్పినాడు. మేమూ తలకాయ ఊపినాం. సూస్తే వాడు జరమొచ్చి గుంటూరు ఆస్పత్రిలో పండుకోనుండాడు."

వీణకు ఇది భరించరాని అపచారంగా తోచింది. మహోన్నతమైన త్యాగాన్ని మేస్త్రి గొడవల్లోకి లాగడం న్యాయం కాదంది. సాక్షులు లేరనడం కూడా తప్పంది. గుర్రం అక్కడే ఉంది, ఆ పిల్ల త్యాగం చిరస్మరణీయమని గుర్రం నోటితోనే రచయిత అనిపించాడని గుర్తు చేసింది.

"ఆ గుర్రానికి గడ్డేసేది ఎవురు టీచరమ్మా?" అంది గంగమ్మ.

"యువరాజే," అని డ్రైవరు సీటులోంచి వినిపించింది. లక్ష్మప్ప తల తిప్పలేదు. ముందు మూడు వరుసలూ ఒక్కసారిగా నవ్వాయి; నాలుగో వరుస ఏం జరిగిందని అడిగింది.

షాహీన్ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఇద్దరి మీదా చిరాకు పుట్టింది. త్యాగమనగానే దండం పెట్టే వీణ ఒక పక్క. కథ మొదట్లోనే ముద్దాయిని తేల్చుకొని తర్వాత రుజువులు వెతుకుతున్న గంగమ్మ ఇంకో పక్క. రచయిత ఉద్దేశం ఆ పిల్ల చచ్చిపోవడమేనని, లేకపోతే పాలరాతి విగ్రహం ఎందుకు ఎత్తిస్తాడని గట్టిగా వాదించింది. బతికున్న మనిషికి బొమ్మ ఎత్తేస్తే ఆ మనిషికి ఇంక ఊళ్ళోకి రావడానికి మొహం ఉండదని, అందుకే ఎత్తించినాడని గంగమ్మ తిప్పికొట్టింది. ఇది మరీ అడ్డగోలు వాదమని షాహీన్‌కు తెలుసు. అయినా టికెట్ల సంచిలోంచి పుస్తకం తీసి, ఊగుతున్న బస్సులో నడుము రాడ్డుకు ఆనించి నిలబడి, ఆ అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించింది. చదువుతుండగా ఆమెకే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. నీలి దూకే దృశ్యాన్ని రచయిత ఎక్కడా స్వయంగా రాయలేదు. ఉన్నదంతా యువరాజు సభలో నిలబడి చెప్పిన మాటలే. ఇంత లావు పుస్తకం రాసిన మనిషి అసలు సంఘటన దగ్గరికి వచ్చేసరికి కలాన్ని లాభపడ్డవాడి చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. నిన్న తాను అంత కోపంగా చదివి కూడా ఇది గమనించలేదు.

బస్సు ఆదోని స్టాండులోకి వచ్చింది. ఎవరూ లేవలేదు. గంగమ్మ సంచి చంకన పెట్టుకొని షాహీన్ ముందు నిలబడింది. ఏమంటావో చెప్పు, నాకు పొద్దుపోతాంది అంది.

"చచ్చిపోయిందనే రాసినాడక్కా. నేను మార్చి చెప్పను," అంది షాహీన్. తర్వాత, మాటలను ఒక్కొక్కటిగా తూచి, "శవం దొరకలేదు. చూసినానన్నవాడు ఒక్కడే, రాజ్యం వాడికే దక్కింది. అది కూడా రాసినాడు," అంది.

"అది సాలు," అని గంగమ్మ దిగిపోయింది. దిగి, టార్పాలిన్ల కొట్టు వైపు పోతూ, ఎదురొచ్చిన వదిన మద్దమ్మతో నీలి బతికే ఉందని చెప్పడం బస్సులోకి స్పష్టంగా వినబడింది.

వీణ రెండు వారాలుగా నాలుగో వరుసలో కూర్చొని నిరసన తెలుపుతోంది. పుస్తకం గ్రంథాలయానికి వెళ్ళిపోయింది. ముందు సీట్లలోకి ఒక కొత్త నవల వచ్చింది. అందులో పెళ్ళయిన ఇద్దరు ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి గోవా వెళ్తారు. గోవాలో మూడు రోజులు గడిచినా ఇంకా అర్థం చేసుకోలేదని షాహీన్ విసుక్కుంటుండగా ఆమె ఫోను మోగింది. గంగమ్మ. చుట్టూ ఆడవాళ్ళ గోల. మిరప చేలో అన్నాల వేళ ముందే వచ్చినట్టుంది.

"షాయినమ్మా, ఈడ నన్ను పీక్క తింటాండారు. ఆ పిల్ల గుహలోనించి యాడికి పోయిందంటా, ఏం జేసిందంటా?"

పుస్తకం అయిపోయిందని షాహీన్ ఓపికగా గుర్తు చేసింది. దానిలో అంతకు మించి ఏమీ లేదంది.

"పుస్తకం అయిపోతే అయిపోనీ. ఆ పిల్ల అయిపోలేదు గదా. ఆస్పరి నుంచి వచ్చిన కూలోళ్ళు గూడా కూసున్నారు వినను. నేను సగం సెప్పి ఆపినా."

షాహీన్ బస్సులోకి చూసింది. మొదటి వరుస గోవాను ఎప్పుడో వదిలేసి ఫోను వైపు వంగి ఉంది. వీణ నాలుగో వరుసలోంచి లేచి మూడో వరుసలో ఇరుక్కుంది. లక్ష్మప్ప గేరు తగ్గించాడు. షాహీన్ టికెట్ల మిషను సంచిలో పెట్టి, మెట్ల దగ్గర సీటులో కూలబడి, ఫోనును ఇంకో చెవికి మార్చుకుంది.

"నువ్వు యాడి దాంకా చెప్పినావక్కా?"