అత్త చూసిన ఫౌలు

నేను బాస్కెట్‌బాల్ రిఫరీని. నాతో జోడీగా విజిల్ పట్టే పెద్దాయన వేలూరులో పీటీ మాస్టరు. ఆయనకూ నాకూ ఇంట్లో తెలుగే. అందుకే మాకో అలవాటు ఉంది. ఫౌలు మామూలుదా, కావాలని చేసిందా అని అనుమానం వస్తే కోర్టు మధ్యలో నిలబడి తెలుగులో మాట్లాడుకుంటాం. చుట్టూ తమిళం కాబట్టి మా గుట్టు ఎవరికీ అందదు. వేలూరులో ఏళ్ల తరబడి ఇదే మా దర్జా.

ఆ ఆదివారం గుడియాత్తంలో ఫైనల్. ఒక జట్టులో నా బావమరిది ఉన్నాడు. నేను చేయనని మొత్తుకున్నాను. రావలసిన రిఫరీ రాలేదు. "ఈ ఊర్లో చుట్టం కానోడు యాడ దొరుకుతాడు సార్" అని ఆట పెట్టినాయన విజిల్ నా చేతిలో పెట్టాడు.

ఆఖరి నిమిషం. మావాడి జట్టు ఒక్క పాయింటు ముందుంది. అవతలి ఆటగాడు బంతితో ఒంటరిగా బుట్ట కిందికి వెళ్లి పైకి ఎగిరాడు. మావాడు వెనక నుంచి ఉరికి చెయ్యి విసిరాడు. బంతికి తగిలినట్టూ ఉంది, బనీను పట్టి లాగినట్టూ ఉంది. అవతలివాడు బోర్లా పడ్డాడు. నేను విజిల్ ఊదాను. మామూలు ఫౌలైతే వాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. కావాలని చేసిందైతే ఆ రెండూ కాక బంతి కూడా వాళ్లకే. మావాడి కప్పు పోయినట్టే.

విజిల్ ఊదినవాడిదే తీర్పు. తోటివాడు తాను చూసింది మాత్రం చెప్పాలి. పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"బంతి కోసం పోయినాడా, మనిషి కోసం పోయినాడా?"

"మనిషి కోసమే అనిపించిందన్నా. నీకు?"

"నాకు వాని వీపే కనపడింది. నువ్వే చెప్పాల."

"మామూలు ఫౌలంటే?"

"జనం కొడతారు."

"ఇంటెన్షనలంటే?"

"నీ పెండ్లాం కొడతాది."

జనం గొల్లున నవ్వారు. గుడియాత్తంలో సగం ఇళ్లలో తెలుగేనని అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ. నేను కాపురముండే ఊరే అది. నా మీద నాకే ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో నిజం చెబితే ఆ రోజు ఇంట్లో నాకు అన్నం పుట్టేట్టు లేదు. అయినా చూసింది చూశాను. రెండు చేతులూ పైకెత్తి ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకున్నాను. ఇంటెన్షనల్.

"బావా, నేను బంతినే కొట్టినా" అంటూ మావాడు నా మీదికొచ్చాడు. ఆ గొంతు వినగానే ముందు వరసలోంచి మా అత్త లేచింది. కొడుకు ఆట చూడాలని పొద్దున్నే పరదరామి నుంచి మా ఇంటికొచ్చిన మనిషి ఆమె.

"నోరు మూసుకోరా. బనీను పట్టుకోని లాగినావు, నేను చూసినా. మీయక్క జడ గూడా ఇట్లే లాగతావు."

మళ్లీ నవ్వులు. వాడు తల వంచుకున్నాడు. కప్పు పోయింది.

భయపడుతూనే ఇంటికి చేరాను. కబురు నాకంటే ముందే చేరింది. నా భార్య మొహం గంటు పెట్టుకునే కంచం పెట్టింది.

"నీ మాటైతే నమ్మేదాన్ని కాదు. అమ్మే కండ్లారా చూసినానని చెప్పిందంట. ఇంక నిన్నేమనేది?"

కూర కోసం చెయ్యి చాపితే టీవీ పక్కన కనిపించాయి, అత్త కళ్లద్దాలు. పొద్దున ఇక్కడే మరిచిపోయి మైదానానికి వెళ్లింది. అవి లేకపోతే కంచంలో ఇడ్లీ ఎక్కడుందో తడుముకునే మనిషి. వాటి మీద పేపరు కప్పి, నోరెత్తకుండా అన్నం తిన్నాను.