హంస చుట్టూ తెల్లగీత

మా డిజైన్ సార్ పోయారన్న కబురు ధర్మవరం చీరల ఆఫీసు గ్రూపులో పొద్దున్నే వచ్చింది. నేను పెనుకొండలో రైలెక్కి హిందూపురం కాలేజీకి పోతున్నాను. ఆ కబురు కిందే ఒక హంస తల వంచి, ఎత్తి, మళ్లీ వంచింది. చీర నేత పూర్తయి మగ్గం దిగినప్పుడల్లా గ్రూపులో ఆ బొమ్మ పెట్టడం మా ఆఫీసు అలవాటు. పైన ఏముందో చూడని నేతన్న ఎవరో పెట్టేశారు. నాకు ఏడుపు రాలేదు. హంస చుట్టూ ఉన్న తెల్లగీతనే చూస్తూ కూర్చున్నాను. ఆ గీత నా తప్పు.

సెలవుల్లో సార్ దగ్గర పని నేర్చుకున్నాను. ‘మగ్గం దిగింది’ అన్న మాట అక్కడే విని నోటుబుక్కులో రాసుకున్నాను. కంప్యూటర్లు రాకముందు ఆయన మగ్గాలకు డిజైన్ అట్టలు కొట్టేవారు. అట్టలోని బొక్కలే చీర మీద బొమ్మవుతాయి. కొట్టిన ప్రతి అట్టనూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేవారట. ఫోన్‌లో బొమ్మ చూపించినా అట్లాగే ఎత్తేవారు.

“దానికి లోపలే లైటుండాది కద సార్!”

“నా కంటికి ల్యాదు కదమ్మా.”

పల్లూలోని హంసను కంప్యూటర్లో వెక్టర్ బొమ్మగా గీసి కదిలిస్తే సార్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. కానీ ఆ ఫైలు గ్రూపులో పెడితే ఉత్త పేరే కనబడింది, హంస లేదు. అందుకని ఫోన్లలో ఆడే జిఫ్ బొమ్మగా మార్చాను. జిఫ్‌లో రంగులు రెండొందల యాభయ్యారుకు తగ్గాయని నేను దిగులుపడితే ఆయన నవ్వారు. “రెండొందల యాభయ్యారు రంగులు చాలవా నీకు? మేం మూడు రంగుల పోగులతో నెమలిని ఆడించినాం.”

తెల్లగీతను ముందు చూసిందీ ఆయనే. ఆయన ఫోన్ తెర నలుపు. దాని మీద హంస చుట్టూ సుద్దముక్కతో గీసినట్టుంది. వెక్టర్‌లో అంచు మెల్లగా కరిగిపోతుంది. జిఫ్‌లో చుక్క ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. నేను హంసను తెల్ల నేపథ్యం మీద పెట్టి మార్చాను కాబట్టి కరిగే అంచంతా తెల్లగా గట్టిపడింది.

“అట్టలో సగం బొక్క యాడన్నా ఉంటాదా? అంచు తెగ్గోసి మల్లా మార్చమ్మా,” అన్నారు.

“రేపు చేస్తా సార్,” అన్నాను. కాలేజీ తెరిచారు.

కబురొచ్చిన ఆ పొద్దున హిందూపురంలో దిగి, కాలేజీకి పోకుండా ధర్మవరం రైలెక్కాను. సార్ ఇంటి గుమ్మంలో ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది.

“హంస పిల్లవు గదా నువ్వు? మొన్న గూడా అడిగినాడమ్మా, ఆ పాప గీత తీసేసిందా అని.”

“ల్యాదమ్మా,” అన్నాను.

“తీసెయ్యి మల్ల. కండ్లు ఆనకపోయినా అదొక్కటి కనబడతాండె ఆయప్పకు.”

తిరుగు రైల్లో ల్యాప్‌టాప్ తెరిచాను. పది నిమిషాల పని. గ్రూపులో పెట్టలేదు, సార్ నంబరుకు పంపాను. ఒక్క టిక్కే పడింది.

నా ఫోన్ తెర నలుపు చేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. హంస తల వంచింది, ఎత్తింది, మళ్లీ వంచింది. చుట్టూ ఏ గీతా లేదు. పెనుకొండ వచ్చేదాకా చెయ్యి దించలేదు.