గోడ కనిపిస్తే రాజేశ్వరరావు

ఖాళీ గోడ కనిపిస్తే చాలు, రాజేశ్వరరావు చేతులు దురద పెట్టేవి. తెలంగాణ సరిహద్దు అవతలి భోపాల్‌పట్నంలో సున్నం, ఎర్రమన్ను, రంగులు అమ్ముకునే మనిషి. అమ్మినదానికంటే గోడలకు పూసిందే ఎక్కువని భార్య లలిత గొణిగేది. పోనీ బొమ్మలు వేయడం వచ్చా అంటే, అదీ లేదు. ఒకసారి లలితనే గీశాడు. పొరుగింటి ముసలమ్మ ఏ అమ్మవారో అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టింది. లలిత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

లాక్‌డౌన్‌లో, తెలంగాణకు మిరపకాయలు ఏరడానికి పోయి తిరిగొచ్చిన కూలీలను ఆయన అంగడి ఎదురుగా ఉన్న బడిలో క్వారంటైన్‌లో పెట్టారు. వాళ్లలో మంగల్ ఒకడు. వచ్చిన కొద్దిరోజులకే ఊళ్లో అతని తల్లి చనిపోయిందని కబురొచ్చింది. పోనివ్వలేదు. అతను వరండాలో గోడకేసి తిరిగి కూర్చుని, అన్నం ముట్టడం మానేశాడు. అంగడి గుమ్మంలోంచి ఆ వీపు చూస్తూ లలితకూ ముద్ద దిగేది కాదు.

ఆమె అన్నం కట్టిస్తే, రాజేశ్వరరావు దాంతోపాటు ఎర్రమన్ను, సున్నం, బొగ్గు బుట్టలో సర్ది గేటు దగ్గర పెట్టొచ్చాడు.

"తల్లి పోయినోనికి రంగులు పంపుతరా? ఏంది మీ తెలివి?" అంది లలిత.

"గోడ ఖాళీగుంది గదా" అన్నాడాయన.

మంగల్ వాళ్ల తెగలో పోయినవాళ్ల పేర రాయి నిలబెట్టి, వాళ్లకు ఇష్టమైనవన్నీ దానిమీద గీస్తారు. ఇక్కడ రాయి లేదు, బడి గోడ ఉంది. ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకున్న తల్లిని గీశాడు. ఆమె వెనకాలే ఆమె పెంచిన కోడిని నడిపించాడు. పూర్తయ్యాక దాని ముందే కూర్చుని అన్నం తిన్నాడు. లలిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికి పోతూ మంగల్ గోడమీది తల్లిని చూపించి, "మా అవ్వ పైలం, సేఠ్. జర చూసుకో" అన్నాడు.

కూలీలు వెళ్లగానే బడి పెద్దసారు వచ్చాడు. "సర్కారీ దీవార్ ఖరాబ్ చేసిందెవరు? వాని మీద రిపోర్ట్ రాస్త."

"నేనే సార్" అన్నాడు రాజేశ్వరరావు.

సారు బొమ్మనూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. "మీకింత మంచిగ గీసుడు ఎప్పుడొచ్చింది సేఠ్?"

"ఇంకా సగమే అయింది సార్."

కుంచె అందుకుని తల్లికి అటూ ఇటూ గోడ పొడవునా తన బొమ్మలు నింపాడు. అందులో ఒక పులి, ఒక బస్సు ఉన్నాయట. ఏది ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. సారుకు నమ్మకం కుదిరింది. రిపోర్ట్ మాట వదిలేసి, మొత్తం గోడకు సొంత సున్నం కొట్టాలని శిక్ష వేశాడు.

రాజేశ్వరరావు బుద్ధిగా తన పులి మీదా బస్సు మీదా సున్నం కొట్టేశాడు. తల్లి దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

బడి తెరిచిన రోజు సారు అంగడికొచ్చి, "ఆ ఒక్కటి మిగిలిందేంది?" అని అడిగాడు. రాజేశ్వరరావు తుడిచిన త్రాసునే మళ్లీ తుడిచాడు. రెండో అబద్ధం ఆయనకు బొమ్మలు వచ్చినంతే వచ్చేది.

సున్నం బస్తాల మీద కూర్చున్న లలిత కొంగు కాస్త వెడల్పుగా పరిచింది.

"స్టాక్ అయిపోయింది సార్. బండి రాంగనే కొట్టిస్తం" అంది.