లోపలికి పీల్చిన అవును

వెర్నా రైడౌట్ చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుని రికార్డింగు వింటుంటే మేమెవరం పలకరించే వాళ్లం కాదు. పలకరించినా ఆమె పలికేది కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చిన్న ఆసుపత్రులు మూసేశాక జనం ఏం పాట్లు పడుతున్నారో ఊరూరా తిరిగి విని, ప్రభుత్వ కమిషన్ ముందు పెట్టడం మా పని. ఆమె వినేది, నేను టైపు చేసేదాన్ని. చేపలవేట ఆపేసినప్పటి గోడూ, బడులు మూసినప్పటి గోడూ విన్నది కూడా ఆమే. ఇరవై రెండేళ్లుగా ఎవరి వంటగదిలోనో కూర్చుని తక్కువ మాట్లాడటమే ఆమె ఉద్యోగం. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "చెవులు అద్దెకిచ్చేశానమ్మా, ఇంట్లోకి మిగల్లేదు" అనేది.

ఆ చెవులంటే ఆమెకి గర్వం. ఉండకూడదని నేననను.

ఆ శీతాకాలం లాలీ కోవ్‌లో ఆలివ్ కీపింగ్ అనే డెబ్బై ఆరేళ్లావిడ తన భర్త లియాండర్ పోయిన రోజు గురించి చెప్పింది. ఊళ్లో ఆసుపత్రి మూసి అప్పటికి ఏడాది. పెద్దాసుపత్రి రెండు గంటల దారి, దారంతా మంచు. "ఛాతీలో నొప్పన్నాడు. మూడుసార్లు అడిగాడు, తీసుకెళ్లమని. గ్యాసై ఉంటుంది, టీ తాగి కూర్చో అన్నాను. ఆ దారిన పోయి ఇద్దరం చావడమెందుకు అనుకున్నాను." టైపు చేస్తూ ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మా నివేదిక మొత్తంలో అంత బలమైన మాట ఇంకోటి లేదు. వారానికి రెండు రోజులైనా ఊరికి నర్సు వస్తుందా రాదా అనేది ఆ నివేదిక మీదే ఉంది. కమిషన్ శుక్రవారం కూర్చుంటుంది.

చిక్కు చివర్లో వచ్చింది. ఈ మాటలు నివేదికలో వేసుకోవచ్చా అని వెర్నా అడిగిన చోట మా అధికారి గ్రాహమ్ "జవాబు లేదు" అని రాయించాడు. చెప్పినవాళ్లు ఒప్పుకోని మాట వెయ్యకూడదన్నది నియమం. ఆయన పెద్ద నగరం నుంచి వచ్చినవాడు.

వెర్నా నవ్వింది. "జవాబు లేకపోవడమేంటి? అవునంది కదా."

గ్రాహమ్ మళ్లీ విన్నాడు. "ఎవరో ఊపిరి పీల్చారు, అంతే."

"అదే అవును. మావాళ్లు అవునుని ఊపిరితో పాటు లోపలికి పీలుస్తారు. మా అమ్మ జన్మంతా అలాగే అంది. మీకది ఆయాసంలా వినిపిస్తే నేనేం చెయ్యను?"

నేనూ అక్కడిదాన్నే. నాకూ అది అవునే అనిపించింది. అయినా సంతకం ఉండాల్సిందేనని గ్రాహమ్ పట్టుబట్టాడు. మంగళవారం నేనూ వెర్నా ఆయన్ని తిట్టుకుంటూ లాలీ కోవ్ వెళ్లాం.

ఆలివ్ డబ్బాపాలు పోసి టీ ఇచ్చింది. వెర్నా కాగితం బల్ల మీద పెట్టింది. "ఆలివ్ అత్తా, ఆ రోజు అవునన్నావు కదా. ఇక్కడొక సంతకం చేస్తే అయిపోతుంది."

"అవునన్నానా?"

"నేను విన్నానత్తా."

"నువ్వు మాట్లాడుతుంటే ఊపిరి పీల్చి ఊఁ కొట్టాను తల్లీ, వింటున్నానని. మీ అమ్మ ఊఁ కొట్టిన ప్రతిదానికీ ఒప్పుకుందా ఏంటి?"

వెర్నా కలం కింద పెట్టింది. అక్కడివాళ్లం కాబట్టే ఆ పొరపాటు మేం చేశాం. గ్రాహమ్‌కి ఇలా పొరబడేంతగా కూడా మా మాటతీరు తెలీదు.

"గ్లెండాకి తెలీదు," అంది ఆలివ్. గ్లెండా ఆమె ఒక్కగానొక్క కూతురు, పక్కిల్లే. "వాళ్ల నాన్న కుర్చీలో నిద్రలోనే పోయాడని చెప్పాను. నువ్వు ఈ ఊరికి పరాయిదానివి కాబట్టి నీ దగ్గర నోరు విప్పాను."

ఉండబట్టలేక నేను, "పేరు తీసేసి వేస్తే?" అన్నాను.

"ఆ శీతాకాలం ఈ ఊళ్లో పోయింది ఒక్కడే. ఇంక పేరెందుకమ్మా?"

వెర్నా ఒక్కమాటే అంది. "ఈ మాట ఉంటే నర్సు రావచ్చత్తా."

"తెలుసు," అంది ఆలివ్. టీ కప్పు పక్కకి జరిపి, గట్టిగా, "వద్దు" అంది.

వెర్నా కాగితం మడిచి, ఆమె ఎదుటే రికార్డింగు చెరిపేసింది. ఆఫీసుకొచ్చాక మిగతా ప్రతులూ చెరిపింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి కోసమో చెప్పలేను. అంతకుముందు, తిరుగుదారిలో, ఉన్నట్టుండి, "ఇరవై రెండేళ్లలో ఎన్ని ఊఁలని అవునని రాశానో" అంది. అది నన్ను అడిగినట్టు లేదు.

శుక్రవారం లాలీ కోవ్ చర్చి హాల్లో కమిషన్ కూర్చుంది. మేం ఎవరినీ మాట్లాడమనలేదు. గ్లెండా తనంతట తనే లేచింది. ఆలివ్ పక్కనే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మా నాన్నకి నొప్పి ఉందని మాకెవరికీ తెలీదు," అంది గ్లెండా. "ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే అమ్మ ఎంత మంచులోనైనా తీసుకెళ్లేది. మా అమ్మ సంగతి నాకు తెలుసు."

అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "అంటే ఊళ్లో ఆసుపత్రి ఉన్నా ఆయన వెళ్లేవారు కాదంటారు?"

గ్లెండా ఆలోచించింది. అబద్ధమాడే మనిషి కాదు. "వెళ్లేవాడు కాదు," అంది.

ఆలివ్ తలెత్తి వెర్నా వైపు చూసింది. వెర్నా తల వంచుకుని, గ్లెండా అన్నది అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.