బ్యాటరీకి శుక్రవారపు స్నానం

బొట్టు లేని వస్తువు సంపూర్ణమ్మ కంటికి ఆనదు. శుక్రవారం వచ్చిందంటే గ్రైండరుకీ, కుట్టుమిషనుకీ, ఆఖరికి గ్యాసుబండకీ పసుపూ కుంకుమా పడాల్సిందే. వన్ టౌన్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆవిడ నడిపే కరెంటు ఆటో సంగతి ఇక చెప్పేదేముంది. అన్నం పెట్టేది అదే కదా. దాని బ్యాటరీని దించి, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు బొట్టు పెట్టేది. మూడేళ్ళలో ఒక్క వారం తప్పితే ఒట్టు.

ఆ బ్యాటరీ ఈమధ్య నీరసించింది. తెల్లవారి బయల్దేరితే మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది. గ్యారంటీ చూస్తే ఇంకా నాలుగు రోజులే ఉంది. ఈలోగా కంపెనీవాళ్ళు కొత్తది ఇవ్వకపోతే ఆటో మూలపడుతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. ఆవిడ ఆటోనగర్‌లోని కంపెనీ షెడ్డుకి పరుగెత్తింది.

మెకానిక్ విఠల్ ఫోను పట్టుకుని బ్యాటరీ చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

“దీని మీద నలుపూ తెలుపూ గళ్ళ స్టిక్కరుండాలండి. అదే దీని పాస్‌పోర్టు. ఎప్పుడు పుట్టిందీ, ఎన్నిసార్లు చార్జింగ్ ఎక్కిందీ అది స్కాన్ చేస్తేనే తెలిసేది. ఏమైందండీ?”

“ఆ నల్లమరకలా? ఎంత తోమితే పోయాయనుకున్నావు బాబూ.”

విఠల్ నెత్తి పట్టుకున్నాడు. హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, ఆటో నంబరు చెప్పి, బండి తనంతట తానే కంపెనీకి పంపే రికార్డు తీయించాడు. అక్కడ ఇంకో తంటా వచ్చిపడింది. ప్రతి శుక్రవారం గంటసేపు బ్యాటరీ బండిలో లేదట. వేరే ఆటోకి వాడుంటే గ్యారంటీ చెల్లదు.

“శుక్రవారాలు ఇది ఎక్కడికెళ్తోందో రాయమంటున్నారండి.”

“ఎక్కడికెళ్తుంది? స్నానానికి.”

అతను చేసేది లేక అదే రాసి పంపాడు. గంటసేపు సంపూర్ణమ్మ దుర్గమ్మకి మొక్కుకుంటూ కూచుంది. చివరికి జవాబొచ్చింది. లోపల ఒక సెల్లు తయారీలోనే పాడైందట, వాడకంలో తప్పేమీ లేదు, కొత్తది ఇవ్వమన్నారు.

“మీ రికార్డు చూసి ఆశ్చర్యపోయారండి. రోజూ అయిదింటికల్లా బండి తీశారట. మూడేళ్ళలో ఒక్కరోజు నాగా లేదట.”

సంపూర్ణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన కష్టాన్ని ఎవరైనా కనిపెట్టి చూస్తున్నారని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. కొత్త బ్యాటరీ వచ్చినదానికన్నా ఆ మాటకే ఎక్కువ సంతోషపడింది.

“ఆ ముక్క కాగితం మీద రాసి, స్టాంపు కూడా వేసివ్వు బాబూ. మా ఆయనకి చూపించాలి. నేను పొద్దస్తమానం షికార్లు కొడుతున్నాననుకుంటున్నాడు.”